పెట్టె మూగబోతే ముందు వైరు చూడండి

గోదావరి మొగ దాటడం ఎంత కష్టమో ఆ దారిన వేటకెళ్ళేవాళ్ళకి చెప్పనక్కర్లేదు. నది మోసుకొచ్చిన ఇసుక, అలలు వెనక్కి తోసిన ఇసుక కలిసి మేట వేసే చోటు అది. నెల క్రితం మూడు బారల నీళ్ళున్న దారిలో ఇవాళ ఒక్క బారే ఉండొచ్చు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఇప్పుడు చిన్న ఫైబర్ బోట్లలో కూడా సరంగు ముందు అరచేతంత తెర ఒకటి వెలుగుతోంది. ఎకో సౌండర్ అనండి, ఫిష్ ఫైండర్ అనండి, పని ఒకటే. బోటు కింద నీళ్ళెంత లోతో చెప్పడం, మధ్యలో చేపలుంటే చూపించడం.

ఆ తెర ఒక రోజు ఉన్నట్టుండి ఆరిపోతుంది. లేదా వెలుగుతూనే, అంకె ఉండాల్సిన చోట అడ్డగీతలు చూపిస్తుంది. ‘పెట్టె పోయింది’ అనేస్తారు అందరూ. వేలకు వేలు పోసి కొన్నదాన్ని పక్కన పడేసి, మరోదాని కోసం అప్పు చేసినవాళ్ళని చూశాను. నాకు బాధ కలిగేది అక్కడే. నా చేతికొచ్చిన పెట్టెల్లో ఎక్కువ భాగం విప్పి చూస్తే నిక్షేపంలా ఉన్నాయి. పోయింది వాటి వెనక వైరు. ఆ వైరులో కూడా బెత్తెడు ముక్క.

ఒక బోటు సంగతి చెబుతాను. సరంగుకి యాభై ఏళ్ళుంటాయి. “సెల్ఫు కొట్టగానే ఆరిపోతంది బాబూ. పెట్టి మార్చాలంటన్నారు” అన్నాడు. పెట్టెకు కరెంటు వచ్చే ప్లగ్గు ఊడదీసి మల్టీమీటరు పెట్టాను. 12.4 వోల్టులు. బ్యాటరీ దగ్గర చూసినా అంతే. మామూలుగా అయితే ఇక్కడితో ‘కరెంటు బాగానే వస్తోంది, తప్పు పెట్టెదే’ అని తేల్చేస్తారు. కానీ ఆ 12.4ని నమ్మడానికి లేదు. సంచిలోంచి కారు బ్రేకు లైటుకి వాడే 21 వాట్ల బల్బు తీసి అదే ప్లగ్గు కొసలకు తగిలించాను. బల్బు పసుప్పచ్చగా, నీరసంగా వెలిగింది. మీటరు అంకె 9 దగ్గరికి పడిపోయింది.

వైరు పట్టుకుని వెనక్కి వెళ్ళాను. అమరం వైపు, బ్యాటరీ పెట్టెకి జానెడు దూరంలో నల్ల టేపు చుట్టిన అతుకు ఒకటి దొరికింది. ఎండకి టేపు జిగురు కారి చేతికి అంటుకుంటోంది. బ్లేడుతో నిలువునా కోశాను. ఎర్ర వైరు అతుకులో రాగి రంగు ఎక్కడా లేదు. పచ్చటి చిలుము, దాని కింద నల్లటి పొడి. గోటితో గీరితే పోగులు ఒకటొకటే పుటుక్కున తెగి రాలిపోయాయి. చివరికి మిగిలినవి నాలుగు పోగులు. నల్ల వైరు అతుకు మాత్రం రంగు మాసిందే తప్ప గట్టిగానే ఉంది.

మరి మీటరు అబద్ధం చెప్పిందా? లేదు. కుళాయి మూసి ఉన్నంతసేపూ, పైపులో ఎంత మడ్డి పేరుకున్నా చివర ఒత్తిడి నిండుగానే ఉంటుంది. కుళాయి తిప్పినప్పుడే ధార సన్నబడుతుంది. డిజిటల్ మీటరు దాదాపు మూసిన కుళాయి లాంటిది. దాని గుండా పారే కరెంటు ఎంత తక్కువంటే, ఒక్క పోగు మిగిలి ఉన్నా నిండు వోల్టేజీ చూపిస్తుంది. బల్బు తగిలించడమంటే కుళాయి తిప్పడం. నా లెక్కలో ఆ అతుకు దగ్గర రెండు ఓములకు పైగా నిరోధం ఉంది. బల్బు ఒకటిన్నర ఆంపియర్లు లాగేసరికి మూడు వోల్టులు అక్కడే కరిగిపోయాయి.

సౌండర్ అంత కరెంటు లాగదు. అర ఆంపియరు లాగినా అదే అతుకు ఒక వోల్టు తినేస్తుంది. మామూలప్పుడు 12.4లో ఒకటి పోయినా పెట్టె నడుస్తుంది, అందుకే నెలల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు. సెల్ఫు కొట్టినప్పుడు స్టార్టరు మోటారు వందకు పైగా ఆంపియర్లు గుంజుకుంటుంది, బ్యాటరీయే 10 వోల్టుల దగ్గరికి దిగిపోతుంది. అందులోంచి అతుకు ఇంకొకటి తీసేసుకుంటే పెట్టెకు చేరేది 9. ఇలాంటి పరికరాల్లో చాలావాటికి 10 వోల్టులు ఉంటేనే ఊపిరి. ఆరిపోక ఏం చేస్తుంది?

ఎర్ర వైరే ముందు పాడవడం కూడా కాకతాళీయం కాదు. సముద్రపు నీరు లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పున్న ద్రావణం, కరెంటుని బాగా పారనిస్తుంది. టేపు సందుల్లోంచి ఆ తడి లోపలికి చేరితే, ప్లస్ అతుకుకీ మైనస్ అతుకుకీ మధ్య సన్నటి కరెంటు దొంగతనంగా పారుతూ ఉంటుంది. బడిలో చూపించే విద్యుద్విశ్లేషణ ప్రయోగం ఇదే. ప్లస్ వైపు ఉన్న లోహం కరిగిపోతుంది. బోటు ఒడ్డున కట్టేసి ఉన్నా, పెట్టె ఆఫ్ చేసి ఉన్నా, బ్యాటరీకి తగిలి ఉన్నంతకాలం రాగి కరుగుతూనే ఉంటుంది. అంతే కాదు, దీపం వత్తి నూనె పీల్చినట్టు రాగి పోగుల మధ్య సందులు ఉప్పునీటిని పీల్చుకుంటాయి. పైన ప్లాస్టిక్ తొడుగు కొత్తగా మెరుస్తుంటుంది, లోపల మూరెడు దాకా తీగ నల్లబడి ఉంటుంది. అందుకే చిలుము కనిపించిన చోట కోసి ఊరుకోకూడదు. మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోసుకుంటూ పోవాలి. ఆ బోటులో నేను అడుగున్నర కోయాల్సి వచ్చింది.

ఇంతకీ ఈ పెట్టె చేసే పనేమిటో తెలిస్తే వైరు మీద నా పట్టుదల ఎందుకో అర్థమవుతుంది.

మన వాళ్ళు లోతుని బారల్లో చెబుతారు. రెండు చేతులూ చాపితే ఒక బార, సుమారు ఆరడుగులు. సీసపు గుండు కట్టిన తాడు వదిలి, గుండు నేల తగిలాక తాడుని చేతులు చాపి కొలుస్తూ పైకి లాగడం ఈ తీరంలో ఎంత పాతదో చెప్పలేం. తెల్లవాళ్ళ ఓడల్లోనూ అదే పద్ధతి, కొలత కూడా చేతుల బారే. బంగాళాఖాతం ఉత్తరాన, గంగ ముఖద్వారానికి ఎదురుగా, సముద్రం అడుగున ఒక పెద్ద అగడ్త ఉంది. దానికి ‘స్వాచ్ ఆఫ్ నో గ్రౌండ్’ అని పేరు, అంటే నేల తగలని పట్టీ. వాళ్ళ దగ్గరున్న తాడంతా వదిలినా గుండుకి అడుగు అందలేదు, అదే దాని పేరైపోయింది.

తాడు అందని చోటికి శబ్దం అందుతుంది. 1826లో జెనీవా సరస్సులో కొలడాన్, స్టర్మ్ అనే ఇద్దరు నీళ్ళలో గంట కొట్టి, అదే క్షణంలో పైన తుపాకి మందు వెలిగించి, మెరుపుకీ మోతకీ మధ్య సమయం కొలిచారు. నీళ్ళలో శబ్దం సెకనుకు 1435 మీటర్లు పోతుందని లెక్క తేల్చారు, గాలిలో కన్నా నాలుగు రెట్లు ఎక్కువ. 1912లో టైటానిక్ మునిగాక మంచుకొండల్ని ముందే పసిగట్టాలని జర్మనీకి చెందిన అలెగ్జాండర్ బేమ్ శబ్దంతో ప్రయత్నాలు మొదలుపెట్టాడు. మంచు సరిగ్గా బదులు పలకలేదు, సముద్రం అడుగు మాత్రం చక్కగా పలికింది. 1913లో ఆయన తీసుకున్న పేటెంటు ఈ లోతు కొలిచే పద్ధతికే. చేపల్ని చూపించే పెట్టెను 1948లో అమ్మకానికి తెచ్చినవాళ్ళు జపాన్‌లోని నాగసాకి ప్రాంతపు ఫురునో సోదరులు. పడవల్లో కరెంటు పనులు చేసుకునే కుటుంబం వాళ్ళది. ఈ పెట్టె పుట్టిందే వైరింగు పనివాళ్ళ చేతుల్లో అని తలుచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

బోటు కింద ఉండే ట్రాన్స్‌డ్యూసర్‌లో ఒక పింగాణీ బిళ్ళ ఉంటుంది. కరెంటు ఇస్తే అది వణుకుతుంది, వణికిస్తే కరెంటు పుట్టిస్తుంది. ఈ గుణాల్లో రెండోదాన్ని 1880లో పియేర్ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ స్ఫటికాల్లో కనిపెట్టారు. పెట్టె ఆ బిళ్ళకి వందల వోల్టుల దెబ్బ ఒకటి చాలా కొద్దిసేపు ఇస్తుంది. బిళ్ళ నీళ్ళలోకి ఒక కేక వేస్తుంది, వెంటనే నోరు మూసి చెవి ఒగ్గుతుంది. పది మీటర్ల లోతులో జవాబు 13 మిల్లీసెకన్లలో వస్తుంది. పోయి రావడానికి పట్టిన కాలంలో సగం, దాన్ని నీళ్ళలో శబ్ద వేగంతో గుణిస్తే లోతు. ఒకే బిళ్ళ నోరూ, చెవీ.

ఇబ్బందల్లా ఇక్కడుంది. వేసిన కేక వందల వోల్టులైతే తిరిగొచ్చిన జవాబు మైక్రోవోల్టుల్లో ఉండొచ్చు, అంటే వోల్టులో పది లక్షల వంతుల్లో. తీరానికి దూరంగా, లోతైన చోట మరీ సన్నం. అంత చిన్న సంకేతం మీటర్ల పొడవు వైరులో ప్రయాణించి పెట్టెకు చేరాలి. చుట్టూ ఇంజను, డైనమో, వీహెచ్ఎఫ్ సెట్టు, ఎల్ఈడీ లైట్లు మోత పెడుతుంటాయి. అందుకే ట్రాన్స్‌డ్యూసర్ వైరు మామూలు వైరు కాదు. లోపలి తీగల చుట్టూ రాగి జల్లెడ అల్లి ఉంటుంది, బయటి రొద లోపలికి రాకుండా. పొడవెక్కువైందని దాన్ని కోసి, మధ్యలో రెండు తీగలు మెలివేసి టేపు చుట్టడం కన్నా పెద్ద పొరపాటు ఈ పనిలో లేదు. అతుకు దగ్గర జల్లెడ తెగితే రొద లోపలికి వస్తుంది, తడి చేరితే జవాబు బయటికి కారిపోతుంది. మిగిలిన వైరుని వదులుగా చుట్టి ఒక మూలన కట్టేయండి. కొయ్యకండి. ప్లగ్గు పట్టేంత కన్నం పెద్దగా వేసి తర్వాత పూడ్చుకోవడం నయం, కన్నం చిన్నదని ప్లగ్గు కోసి మళ్ళీ అతకడం కన్నా.

పెట్టెకు వచ్చే జబ్బులు రెండే. మూగబోవడం, చెవుడు రావడం. తెర వెలగకపోతే కరెంటు వైరు సంగతి. తెర వెలిగి లోతు రాకపోతే ట్రాన్స్‌డ్యూసర్ సంగతి. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుని అన్నీ ఒకేసారి విప్పితే, విప్పేటప్పుడు చేసిన కొత్త తప్పులు పాత తప్పుని దాచేస్తాయి.

మూగబోయినప్పుడు బల్బు పరీక్ష తర్వాత చేయాల్సిన పని ఒకటే. పెట్టె గానీ బల్బు గానీ వెలుగుతుండగానే, మీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్ మీద, రెండోది ప్లగ్గు దగ్గరి ప్లస్ మీద పెట్టండి. రెండూ ఒకే వైరు రెండు చివరలు కాబట్టి సున్నాకి దగ్గరగా చూపించాలి. ఒక వోల్టు చూపిస్తే ఆ దారిలో ఎక్కడో ఒక వోల్టు పోతోందన్నమాట. బ్యాటరీ వైపు కొసను కాస్త కాస్త ముందుకి జరుపుతూ రండి, ఫ్యూజు దాటాక, స్విచ్చి దాటాక, అతుకు దాటాక. అంకె ఎక్కడ గెంతితే తప్పు అక్కడ. తర్వాత మైనస్ వైపు కూడా అలాగే. అందరూ ఎర్ర వైరునే వెతికి నల్లదాన్ని వదిలేస్తారు. కరెంటు వెళ్ళడానికి ఎంత దారి కావాలో తిరిగి రావడానికీ అంతే కావాలి.

వైరు లావు గురించి రెండు మాటలు. బ్యాటరీ నుంచి పెట్టె దాకా ఆరు మీటర్లనుకుందాం. పోనూ రానూ పన్నెండు. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి అంత పొడవు మీద నిరోధం 0.28 ఓములు, ఒక ఆంపియరు దగ్గర నష్టం 0.28 వోల్టులు. 12 వోల్టుల మీద మూడు శాతం, అంటే 0.36 వోల్టులు దాటకుండా చూసుకోమని పడవ వైరింగు నియమం. లెక్కకి సరిపోయింది కానీ అంచున ఉంది. 1.5 చదరపు మిల్లీమీటర్లది వేస్తే నష్టం సగమవుతుంది, ఖర్చు పెద్దగా పెరగదు. తగరం పూత పూసిన పోగులున్న వైరు దొరికితే అదే వేయండి. ఇళ్ళకి వాడే ఒంటి తీగ వైరు బోటులో వద్దే వద్దు, ఇంజను వణుకుకి అది విరుగుతుంది.

అతుకు టంకం వేస్తే గట్టిగా ఉంటుంది కదా అని అడుగుతుంటారు. గట్టిగా ఉండటమే దాని తప్పు. కరిగిన టంకం పోగుల మధ్య పాకి ఆ మేరకు వైరుని పుల్లలా బిరుసు చేస్తుంది. బిరుసు ఆగి మెత్తదనం మొదలైన చోట, రోజంతా వణికే బోటులో పోగులు తెగుతాయి. సరైన పట్టకారుతో లగ్గు నొక్కి బిగించి, గట్టిగా లాగి చూసి, పైన లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడిగి వేడి చేయండి. జిగురు అంచుల్లోంచి కాస్త బయటికి పొంగాలి. పొంగితేనే తడికి దారి మూసుకున్నట్టు. అతుకుని బోటు అడుగున నీళ్ళు నిలిచే చోట కాక పైకి ఉంచండి. పెట్టెలోకి వెళ్ళే ముందు వైరుని కొంచెం కిందికి వేలాడదీసి మళ్ళీ పైకి తీసుకెళ్ళండి, వైరు వెంట జారిన నీరు ఆ వేలాడే చోట కిందికి రాలిపోతుంది.

ఫ్యూజు విషయంలో మాత్రం బతిమాలుకుంటున్నాను. సౌండర్ ఫ్యూజు తరచుగా 3 ఆంపియర్లది ఉంటుంది, మీ పరికరం మీద ఎంత రాసుంటే అంతే వేయండి. దాన్ని పెట్టె దగ్గర కాక బ్యాటరీ ప్లస్ పక్కనే, జానెడు లోపు పెట్టండి. ఫ్యూజు ఉన్నది పెట్టెని కాపాడటానికని చాలామంది అనుకుంటారు, కానీ అది కాపాడేది వైరుని. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య వైరు ఒరుసుకుని షార్టయితే ఆపేవాడు లేడు. బ్యాటరీ వందల ఆంపియర్లు తోస్తుంది, సన్నటి వైరు హీటరు తీగలా ఎర్రబడుతుంది, పక్కనే డీజిలు డబ్బా ఉంటుంది. ఫ్యూజు కాలిపోతే సిగరెట్ కాగితమో, రాగి పోగో చుట్టి పని నడిపించడం నేను కళ్ళారా చూశాను. దయచేసి అలా చేయకండి. ఒడ్డుకి ఎనిమిది మైళ్ళ దూరంలో మంటార్పే ఇంజను రాదు.

ఇక చెవుడు. తెర వెలిగింది, లోతు రావడం లేదు. ట్రాన్స్‌డ్యూసర్‌ని పైకి తీసి చెవి దగ్గర పెట్టుకోండి. చాలా రకాల్లో గోడ గడియారంలా టిక్ టిక్ మని సన్నగా వినిపిస్తుంది. అది వేసే కేక 200 కిలోహెర్ట్జ్‌లోనో 50 కిలోహెర్ట్జ్‌లోనో ఉంటుంది, మన చెవికి 20 దాటితే వినపడదు. కానీ ఆ కేకలు ఒకదాని తర్వాత ఒకటి మొదలై ఆగే దెబ్బ మాత్రం టిక్కుమని తెలుస్తుంది. టిక్కు వినిపిస్తే పెట్టె కేక వేస్తోంది, వైరు మోస్తోంది, బిళ్ళ వణుకుతోంది. అప్పుడు తప్పు బిళ్ళకీ నీటికీ మధ్య ఉందన్నమాట.

అక్కడ అసలు శత్రువు గాలి. నీళ్ళలోంచి వెళ్ళే శబ్దానికి గాలి గోడ లాంటిది. నీరూ గాలీ కలిసే చోట వెయ్యి పాళ్ళలో దాదాపు 999 పాళ్ళు వెనక్కి మళ్ళుతుంది. బిళ్ళ ముఖం మీద కాగితమంత మందాన గాలి పొర ఉన్నా చాలు, కేక బోటు దాటదు. నాచు, గుల్లలు పట్టినా వాటి సందుల్లో బుడగలు చేరతాయి. మెత్తని గుడ్డతో తుడవాలి, ఉలితో గీకకూడదు. బోటు అడుక్కి వేసే రంగు ట్రాన్స్‌డ్యూసర్ మీద కూడా పూసేస్తుంటారు. ద్రావకం ఉన్న రంగులు ప్లాస్టిక్ ముఖాన్ని తినేస్తాయి, నీటితో కలిపే రకం రంగు మాత్రమే పనికొస్తుంది.

మన తీరంలో ఇంకో చిక్కుంది. పెద్ద రేవుల్లో తప్ప చాలాచోట్ల బోటుని ఇసుక మీదికి లాగేస్తారు. అడుగున పొడుచుకొచ్చిన ట్రాన్స్‌డ్యూసర్ మొదటి వారంలోనే విరుగుతుంది. దీనికి రెండు దారులున్నాయి. అమరం పక్కన ఒక గొట్టానికి కట్టి, ఒడ్డుకి వచ్చేటప్పుడు పైకి తిప్పేసుకోవడం ఒకటి. బోటు లోపలి నుంచే, ఫైబర్ అడుగు గుండా కేక వేయించడం రెండోది. రెండోది వినడానికి వింతగా ఉన్నా పని చేస్తుంది, గట్టి ఫైబర్‌లోంచి శబ్దం పోతుంది. నురగ నింపిన చోట, చెక్క పలక ఇమిడిన చోట మాత్రం పోదు, వాటి నిండా గాలే. తేలడానికి నురగ నింపిన గదులు చాలా బోట్లలో ఉంటాయి కాబట్టి చోటు వెతకాలి. ఒక పాలిథీన్ సంచిలో నీళ్ళు పోసి, ట్రాన్స్‌డ్యూసర్ అందులో ముంచి, తడిపిన బోటు అడుగు మీద ఆనించి చూడండి. లోతు కనిపిస్తే ఆ చోటు పనికొస్తుంది. లేకపోతే రెండడుగులు జరపండి. రంధ్రం వేసే పనే లేదు.

చోటు దొరికాక అక్కడ ఒక చిన్న పీవీసీ గొట్టం ముక్కని ఎపాక్సీతో అతికించి, ట్రాన్స్‌డ్యూసర్ అందులో నిలబెట్టి, గొట్టం నిండా ఆముదం పోయవచ్చు. అవును, మన ఆముదమే. ఆముదంలో శబ్దం నడిచే తీరు నీళ్ళలో నడిచే తీరుకి చాలా దగ్గర, కరెంటుని పారనివ్వదు, ఎండిపోదు. నౌకాదళాలు నీటి అడుగున వినే హైడ్రోఫోన్లలో నింపడానికి దాన్నే వాడుకున్నాయి. తెలుగు నేల మీద మెట్ట చేలల్లో పండే గింజ నూనె జలాంతర్గాముల వేటలో పనికొచ్చిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పోసేటప్పుడు బుడగలు లేకుండా నెమ్మదిగా పోయండి. ఒక బుడగ బిళ్ళ ముఖం కింద చిక్కుకుంటే మళ్ళీ మొదటికి వస్తారు.

ఒడ్డున బాగానే చూపించి, బోటు కదలగానే అంకెలు ఎగిరెగిరి పడుతున్నాయంటే కారణం రెండింట్లో ఒకటి. కరెంటు రొద, లేదా బుడగలు. తేల్చుకోవడం సులువు. లంగరు వేసి, గేరు వేయకుండా ఇంజను వేగం పెంచండి. తెర మీద చుక్కల వాన కురిస్తే అది రొద. డైనమో నుంచో, పక్కనే నడిచే వైరు నుంచో వస్తోంది. లైట్లు, వీహెచ్ఎఫ్ ఒకటొకటే ఆపి చూసి దొంగని పట్టుకోవచ్చు. ట్రాన్స్‌డ్యూసర్ వైరుని ఇంజను వైర్లతో కలిపి ఒకే కట్టగా కట్టొద్దు. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. అలా కాక, నిలబడి ఎంత రేజు చేసినా తెర శుభ్రంగా ఉండి, బోటు ముందుకు కదిలితేనే చెడితే అవి బుడగలు. ట్రాన్స్‌డ్యూసర్ని ఫ్యానుకి, అంటే ప్రొపెల్లరుకి, దూరంగా, అడుగు వెంట నీరు సాఫీగా జారే చోటికి మార్చాలి. వెనక నుంచి చూస్తే ఫ్యాను గడియారం ముల్లులా తిరిగే బోట్లలో కుడివైపు నయం, అటు రెక్కలు కిందికి దిగుతాయి కాబట్టి బుడగలు తక్కువ.

అన్నీ బిగించాక అంకె వస్తుంది. ఆ అంకెను నమ్మే ముందు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, అది చెప్పేది ట్రాన్స్‌డ్యూసర్ కింది లోతు. ట్రాన్స్‌డ్యూసర్ నీటిమట్టానికి అడుగు కింద ఉంటే నీటి లోతు అడుగు ఎక్కువ. ఫ్యాను దానికన్నా అడుగు కిందికి ఉంటే మీకు మిగిలేది అడుగు తక్కువ. మొగలో ఆ అడుగే ముఖ్యం. పెట్టె సెట్టింగుల్లో ఈ తేడా నింపే చోటు ఉంటుంది. రెండు, చాలా పెట్టెలు శబ్ద వేగం 1500 మీటర్లని అనుకుని లెక్క కడతాయి. మన వెచ్చటి ఉప్పునీటిలో అది 1540 దాకా ఉంటుంది, కాబట్టి 10 మీటర్లని 9.7గా చూపిస్తుంది. తక్కువ చూపించడం మనకి మంచిదే. మూడోది ప్రమాదం. లోతు తక్కువున్న గట్టి నేల మీద కేక అడుక్కి తగిలి, పైకొచ్చి, బోటు అడుగుకి తగిలి, మళ్ళీ కిందికి పోయి వస్తుంది. పెట్టె ఆ రెండో జవాబుని పట్టుకుంటే అసలు లోతుకి రెట్టింపు చెబుతుంది. ఒక బార నీళ్ళని రెండు బారలని చూపిస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

అందుకే ఆ రోజు పని అయ్యాక నేనూ ఆ సరంగూ జెట్టీ పక్కన గుండు తాడు వదిలాం. ఆయన చేతులు చాపి కొలిచి “రెండు బారలా, మోచెయ్యి” అన్నాడు. పెట్టె 3.8 మీటర్లు చూపిస్తోంది, ట్రాన్స్‌డ్యూసర్ నీటి కింద ఉన్న లోతు కలిపితే సరిగ్గా సరిపోయింది. సెల్ఫు కొట్టాడు. తెర రెప్ప కూడా వేయలేదు. కొత్త వైరుకీ, లగ్గులకీ, ఫ్యూజు గూటికీ అయిన ఖర్చు కొత్త పెట్టె ధరలో చిన్న పిసరు.

మొగ దాటే బోటులో గుర్తులు కట్టిన గుండు తాడు, చిన్న మల్టీమీటరు, వైర్లు తగిలించిన 21 వాట్ల బల్బు, రెండు విడి ఫ్యూజులు ఉంచుకోండి. నాలుగూ ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పడతాయి.